ఊరి ప్రణాళికలో నీటి పద్దు

 

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దగ్గరగా నల్లకుంట అనే పేట ఉన్నది. ఈ మాటలు అక్కడినుండి వ్రాస్తున్నాను. పేరులో కుంట ఉన్నది గాని, కుంట ఎక్కడయ్యా అని అడిగితే ఇళ్ళు చూపిస్తారు, దుకాణాలు చూపిస్తారు, కూరగాయల మార్కెట్టు చూపిస్తారు. పక్కనే అంబర్‌పేటలో బతుకమ్మకుంట పూడిపోయి చెత్త కింద పడి ఉంటే 2025లో తవ్వి మళ్ళీ నీరు నిలిపారు. పట్నం వాళ్ళు కుంటను పోగొట్టుకొని కూడా బతకగలరు. వారికి కృష్ణా నీళ్ళు, గోదావరి నీళ్ళు గొట్టాల్లో వస్తాయి. మీకు తాగే నీరు అట్లా రావచ్చునేమో గాని, మెట్ట ఊళ్ళో పొలానికి ఎవరు గొట్టం వేస్తారు? మీకు ఉన్నదల్లా వాన, చెరువు, బోరు. ఆ మూడింటి లెక్క మీ పంచాయతీ పుస్తకంలో ఎక్కడైనా ఉన్నదా? ఇవాళ్టి సంగతి అదే.

ఏటా మీ గ్రామపంచాయతీ ఒక ప్రణాళిక తయారుచేస్తుంది. గ్రామసభ పెడతారు, తీర్మానం వ్రాస్తారు, కార్యదర్శి దాన్ని కంప్యూటరులో ఎక్కిస్తాడు. అందులో ఏముంటుంది? ఫలానా వాడలో సిమెంటు రోడ్డు, ఫలానా వాడలో మురుగు కాలువ, ఇరవై వీధి దీపాలు, శ్మశానానికి ప్రహరీ. ఇవి వద్దని ఎవరూ అనరు. వానాకాలంలో బురద తొక్కిన వారికే రోడ్డు విలువ తెలుస్తుంది. కాని ఊరు బతికేది రోడ్డుమీద గాదు గదా! ఊరు బతికేది సేద్యంమీద, పాడిమీద, జీవాలమీద, కూలిమీద. ఈ నాలుగూ నిలిచేది నీటిమీద. ఆ నీటిని గురించి ప్రణాళికలో ఒక్క పంక్తి లేకపోతే అది ఊరి ప్రణాళిక ఎట్లా అవుతుంది? కాంట్రాక్టరు పట్టీ అవుతుంది.

ఈ అధికారం పంచాయతీకి ఉన్నదా అని మీరడగవచ్చు. ఉన్నది. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఆనాటి సమితులు పోయి మండలాలు వచ్చాయి. ఆ తర్వాత రాజ్యాంగానికి 73వ సవరణ జరిగి 1993 ఏప్రిల్ 24నుండి అమలులోకి వచ్చింది. దానితో చేర్చిన పదకొండవ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. మొదటి అంశమే వ్యవసాయం, వ్యవసాయ విస్తరణ. రెండవది భూమి అభివృద్ధి, నేల పరిరక్షణ. మూడవది చిన్ననీటి వనరులు, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ల అభివృద్ధి. నాల్గవది పశుపోషణ, పాడి, కోళ్ళు. చూశారా, వీధి దీపం కంటే నీరు ఎంత ముందున్నదో! రాష్ట్రాలు ఈ అంశాలన్నిటినీ పూర్తిగా పంచాయతీల చేతికి అప్పగించలేదన్న మాట నిజమే. అయితే లెక్క వేసుకొనడానికీ, గ్రామసభలో చదివి వినిపించుకొనడానికీ ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక లెక్కకు వద్దాం. ఊహకు ఒక మెట్ట ఊరు తీసుకోండి. ఊరి శివారు 1,000 హెక్టార్లు, అనగా 2,470 ఎకరాలు. ఏటా 600 మిల్లీమీటర్ల వాన. ఆ ఊరిమీద పడే నీరు మొత్తం 60 లక్షల ఘనపు మీటర్లు. వినడానికి చాలా పెద్ద అంకె. అందులో ఎక్కువ భాగం ఎండకు, గాలికి, చెట్టుచేమకు పోతుంది, కొంత వాగులో పోతుంది. మన రాతి నేలల్లో భూమిలోకి దిగి బోరుకు అందేది మోటుగా పదో వంతు అనుకోండి, 6 లక్షల ఘనపు మీటర్లు. దిగినదంతా తోడుకోకూడదు. నూటికి 70 పాళ్ళ లోపు తోడితేనే భూగర్భజల శాఖవారు ఆ ప్రాంతాన్ని క్షేమం అంటారు. అప్పుడు మిగిలేది 4 లక్షల 20 వేలు. ఊళ్ళో 1,500 మంది జనం, మనిషికి రోజుకు 55 లీటర్లు. 500 పశువులు, తలకు 40 లీటర్లు. ఈ రెండూ కలిసి ఏడాదికి ఇంచుమించు 40 వేల ఘనపు మీటర్లు. ఇక సేద్యానికి మిగిలింది 3 లక్షల 80 వేలు.

యాసంగి వరికి ఎకరానికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడతామనుకుంటే, అది ఎకరానికి 4,800 ఘనపు మీటర్ల పైచిలుకు. భాగించి చూడండి. ఆ ఊరి బోర్ల కింద సుమారు 80 ఎకరాల వరి పండుతుంది. 2,470 ఎకరాల ఊళ్ళో 80 ఎకరాలు! మడిలో పెట్టిన నీరు కొంత మళ్ళీ భూమిలోకి దిగుతుంది గదా అంటారు, నిజమే. సగం తిరిగి దిగిందనుకున్నా 160 ఎకరాలే. ఆ ఊళ్ళో 150 బోర్లుండి, ఒక్కొక్కరు రెండెకరాలు నాటితే 300 ఎకరాలు. అంటే నాటు వేసిన రోజే సగం పొలం ఎండడానికి సిద్ధంగా ఉన్నదన్నమాట. ఎవరి సగం ఎండుతుందో మాత్రం అప్పటికి తెలియదు. ఫిబ్రవరి, మార్చిలో తెలుస్తుంది. అదే నీటితో వేరుశనగ వంటి ఆరుతడి పంట వేస్తే, ఎకరానికి 500 మిల్లీమీటర్ల చొప్పున, 190 ఎకరాలకు పారుతుంది. మీ ఊరి వాన, నేల, చెరువు వేరు, అంకెలు మారుతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇంకొంచెం లోతుకు వేస్తే నీళ్ళు పడవా అని మరొక ఆశ ఉన్నది. నల్లకుంటనుండి తార్నాక మీదుగా పోతే ఉప్పల్ రోడ్డులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది, 1961లో స్థాపించినది. ఆ సంస్థవారు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి మహేశ్వరం దగ్గర గ్రానైటు నేలలో చాలా ఏళ్ళు భూగర్భజలాన్ని పరీక్షించారు. వారికి తేలిందేమిటంటే, నీరు పారే పగుళ్ళలో ఎక్కువ భాగం పైనుండి సుమారు 35 మీటర్ల లోపునే ఉంటాయి. కిందికి పోయేకొద్దీ పగుళ్ళు తగ్గి బండ గట్టిపడుతుంది. 35 మీటర్లంటే 115 అడుగులు. మనవాళ్ళు 600 అడుగులు, 800 అడుగులు పోతున్నారు. ఎక్కడో ఒకరికి పగులు తగిలి నీళ్ళు పడతాయి, ఆ కథ పది ఊళ్ళు తిరుగుతుంది. పడని పది బోర్ల కథ ఆ ఇంట్లోనే ఉండిపోతుంది, వడ్డీతో సహా.

ఈ లెక్క రైతులకు చేతనవుతుందా అనే సందేహం చదువుకున్నవారిలో ఎక్కువ. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆరువందల పైచిలుకు గ్రామాల్లో 2003 తర్వాత కొన్నేళ్ళపాటు రైతులే ఈ పని చేశారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం చేసింది, స్వచ్ఛంద సంస్థలు నేర్పాయి. రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకొకసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలు ఊరి నడుమ గోడమీద వ్రాశారు. యాసంగికి ముందు అందరూ కూర్చొని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని ఎదురెదురుగా పెట్టి చూశారు. వరి వేయవద్దని ఎవరూ శాసించలేదు, మానినవారికి డబ్బూ ఇవ్వలేదు. లెక్క చూసుకొని ఎవరికి వారే నిర్ణయించుకొన్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన ఒక నివేదిక ప్రకారం, పరిశీలించిన ప్రాంతాల్లో పదింట నాలుగింటిలో యాసంగి తోడకం వరుసగా తగ్గింది. సగం చోట్ల ఒక ఏడు తగ్గి మరొక ఏడు తగ్గలేదు.

దీన్ని మెచ్చుకొని ఊరుకుంటే సగం మాటే చెప్పినట్లవుతుంది. తర్వాత వెళ్ళి చూసినవారు కొందరు ఆ ఫలితం చెప్పినంత గట్టిది కాదని వ్రాశారు. పథకం మూసివేశాక చాలా చోట్ల కొలతలు ఆగిపోయాయి. నా ఉద్దేశంలో లోపం రైతుల్లో లేదు. ఆ పుస్తకం పథకానిది, ఊరిది కాదు. పథకం పోతే పుస్తకమూ పోయింది. పంచాయతీ ఆస్తి పన్ను పుస్తకం ఏ పథకం పోయినా పోదు గదా! నీటి పద్దు కూడా ఆ పుస్తకం పక్కన, అదే బీరువాలో ఉండాలని నేనంటున్నది అందుకే.

బయటి దేశాల అనుభవం కూడా ఇట్లాగే ఉన్నది. ఆఫ్రికా ఖండపు దక్షిణాన జింబాబ్వే దేశంలో 1980ల చివరినుండి అడవి జంతువులమీద వచ్చే ఆదాయాన్ని పల్లెలకు చేర్చే ఏర్పాటొకటి చేశారు. అధికారం జిల్లా మండళ్ళకు ఇచ్చారు. మండలి తన వాటా ఉంచుకొని మిగిలినది ఊరికి పంపిన చోట జనం అడవిని కాపాడారు. మండలే ఎక్కువ అట్టిపెట్టుకొన్న చోట పల్లెలకు ఆసక్తి పోయింది. దక్షిణాఫ్రికాలో 2000నాటి చట్టం ప్రకారం ప్రతి మునిసిపాలిటీ ఐదేళ్ళ సమగ్ర ప్రణాళిక వ్రాయాలి, ఏటా సరిచూడాలి. పని తెలిసినవారు తక్కువైన చోట దాన్ని కిరాయి నిపుణులు వ్రాసి పెట్టారు. నిపుణుడు వ్రాసిన ప్రణాళిక చూడముచ్చటగానే ఉంటుంది. మన దగ్గర 2014 జూలైలో తెలంగాణలో ‘మన ఊరు – మన ప్రణాళిక’ అని ఊరూరా సభలు పెట్టారు. 2018లో అక్టోబరు 2నుండి దేశమంతటా ప్రజా ప్రణాళిక ప్రచారం జరిగింది. సభలు మనకు కొత్త కాదు. సభకు ముందు అంకెలు చేతిలో ఉండడం కొత్త.

డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో నూటికి 60 పాళ్ళు తాగునీటికి, పారిశుధ్యానికి కట్టివేసింది. ఆ తాగునీటి పద్దులోనే వాననీటి నిల్వ కూడా ఉన్నది. చాలా పంచాయతీలు ఆ సంగతి గమనించలేదు. ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టం చేసింది. అందులో ఏడాదికి 125 రోజుల పని అన్నారు, పనుల పట్టీ పంచాయతీ ప్రణాళికనుండే రావాలన్నారు, నీటి భద్రత పనులను ముందు వరుసలో పెట్టారు. అందువల్ల ప్రణాళికలో నీటి పని లేని ఊరికి రేపు కూలి పనికీ ఇబ్బందే. ఊటకుంట ఎక్కడ తవ్వాలో, ఏ చెరువు కాలువలో పూడిక తీయాలో నీటిమట్టం పట్టీ చెబుతుంది. పలుకుబడి గలవారి పొలం పక్కన తవ్వితే అది వారి సొంత బావి అవుతుంది.

ఈ మాట ఇంకా విప్పి చెప్పాలి. నీటి లెక్క అనగానే బోరున్నవాళ్ళు కూర్చుంటారు. బోరు లేని రైతు, కౌలుదారు, గొర్రెల కాపరి, చెరువులో చేప పట్టే బెస్తవారు, కూలి తల్లి, వీరు గోడ వారన నిలబడతారు. వరి తగ్గితే నాటు కూలి తగ్గుతుంది, కూలీలకు ఆ భయం ఉన్నది. ఆరుతడి పంటకు కలుపు కూలి, కోత కూలి ఎంత వస్తుందో అదీ లెక్కలో వేయాలి. జీవాలకు మే నెలలో తాగడానికి కుంటలో ఎన్ని నీళ్ళు విడిచిపెట్టాలో ముందే వ్రాయాలి. మహిళా సంఘాలు ఏటా పేదరిక నిర్మూలన ప్రణాళిక ఒకటి తయారుచేసి పంచాయతీకి ఇస్తున్నాయి. దాన్ని చదివినాకే పంటల మాట ఎత్తండి.

“నా బోరు, నా కరెంటు, నా ఇష్టం” అనేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వారితో వాదం పెట్టుకోవద్దు. వారి బోరు నీటిమట్టం కూడా కొలిచి గోడమీద వ్రాయండి. పక్క బోరు నడిచినప్పుడు తన బోరు ఎంత దిగుతున్నదో ఒకసారి కళ్ళారా చూస్తే మాట తీరు మారుతుంది.

కొలిచే పని కష్టమైనది కాదు. పక్కలు నిటారుగా ఉన్న పాత్ర ఒకటి చెట్టు నీడ, ఇంటి చూరు పడని ఖాళీ చోట పెట్టండి. ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో చూడండి, అందులో ఎన్ని మిల్లీమీటర్లు నిలిస్తే అంత వాన. ఊరి నాలుగు దిక్కులా నాలుగైదు బోర్లు ఎంచుకొని, తెల్లవారుజామున మోటారు వేయకముందు తాడుకు బరువు కట్టి దించి మట్టం చూడండి. ఆటో స్టార్టరు ఉన్న బోరైతే ముందు రాత్రే ఆపి ఉంచమని చెప్పాలి, లేకపోతే అంకె తప్పుతుంది. పదో తరగతి పిల్లలు ఈ పని మనకంటే శుభ్రంగా చేస్తారు.

విస్తరణాధికారులకు ఒక మనవి. సభ పెట్టవలసింది సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట, యాసంగి నారు పోయకముందు. నారు పోశాక లెక్క చెబితే ఎవరూ వినరు, వినడం న్యాయమూ కాదు. సాయంకాలం పాలు పోసి వచ్చిన తర్వాత వేళ మంచిది. వార్డువారీగా బోర్ల పట్టీ, చెరువు అలుగు పారిందీ లేనిదీ, ఆ ఏటి వాన మొత్తం, ఈ మూడూ ముందురోజే నల్లబల్లమీద వ్రాసి పెట్టించండి. తీర్మానం వ్రాసేటప్పుడు, వరి ఎన్ని ఎకరాలు, ఆరుతడి ఎన్ని ఎకరాలు, కుంటలో విడిచిన నీరెంత అని అంకెలతో వ్రాయించి, చదివి వినిపించిన తర్వాతే వేలిముద్రలు, సంతకాలు తీసుకోండి.