తలుపు దగ్గర మనిషి

 

పట్టాలు అందుకున్న పిల్లలూ, మీలో కొందరు త్వరలో యూనిఫాం వేసుకుని విమానం ఎక్కుతారు. కొందరు ఎయిర్‌లైన్ ఆఫీసుల్లో రోస్టర్లు వేస్తారు, ఖర్చుల లెక్కలు చూస్తారు. ఇరవై ఎనిమిదేళ్లు క్యాబిన్ క్రూగా పనిచేసినదాన్ని. మీ అందరితో ఒకే మాట చెప్పాలని వచ్చాను.

విమానం పైకి లేచేటప్పుడు తలుపు పక్కన మడత సీట్లో, అంటే జంప్ సీట్లో, కూర్చున్న అమ్మాయిని చూసే ఉంటారు. బెల్టులు బిగించుకుని, అరచేతులు తొడల కింద పెట్టుకుని కదలకుండా ఉంటుంది. కాసేపు అలుపు తీర్చుకుంటోంది అనుకుంటాం. ఆ అమ్మాయి మనసులో పాఠం వల్లె వేసుకుంటోంది. బయట మంట ఉందేమో అద్దంలోంచి చూడాలి, హ్యాండిల్ ఎటు తిప్పాలి, తలుపు నుంచి కిందికి జారే స్లైడ్ విచ్చుకోకపోతే జనాన్ని ఎటు మళ్లించాలి, ఏమని అరవాలి. ప్రతి టేకాఫ్‌కీ, ప్రతి ల్యాండింగ్‌కీ ఇదే.

అలాంటివాళ్లు విమానంలో ఎందరుండాలో చట్టం చెబుతుంది. మన దేశంలో 50 సీట్లకు కనీసం ఒక క్యాబిన్ క్రూ ఉండాలి. అమెరికాలోనూ అంతే. కెనడాలో 40 మంది ప్రయాణికులకు ఒకరుండేవారు, 2015లో అక్కడా 50 సీట్ల లెక్కకు దారిచ్చారు. 180 సీట్ల ఎయిర్‌బస్ 320లో నలుగురుంటారు. ముందు రెండు తలుపులు, వెనక రెండు, తలుపుకొకరు. అదే విమానంలో 150 సీట్లే బిగిస్తే ముగ్గురు సరిపోతారు. తలుపులు మాత్రం నాలుగే! 2007లో అమెరికాలో ఒక సంస్థ ఒక వరస సీట్లు పీకేసి 156ని 150 చేసింది. ప్రయాణికులకు కాళ్లు చాపుకునే చోటు పెరిగింది, క్రూలో నాలుగో మనిషి తగ్గింది. చట్టం ఎక్కడా తప్పలేదు. నాకు మాత్రం ఆ ఖాళీ జంప్ సీటే కళ్లలో మెదులుతుంది.

2024 జనవరి 2న టోక్యో హనెడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని గుద్దుకుని అంటుకుంది. ఆ చిన్న విమానంలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో 367 మంది ప్రయాణికులు, పన్నెండు మంది సిబ్బంది. మైకులు పనిచేయలేదు. మెగాఫోన్లతో, గొంతు చించుకుని చెప్పారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడదగ్గవి. వెనక తలుపు దగ్గరున్న అమ్మాయికి కాక్‌పిట్‌తో మాట అందలేదు. బయటికి చూసుకుంది, ఫర్వాలేదనుకుంది, ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా తెరిచింది. 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తలుపు దగ్గర మనిషి లేకపోతే?

ఉండి కూడా లేకపోవడం ఒకటుంది. అది నాకు జరిగింది. ఏ సంస్థో చెప్పను. వరసగా రాత్రి డ్యూటీలు. ఆ రోజు నాలుగో ల్యాండింగ్. జంప్ సీట్లో కూర్చుని పాఠం మొదలుపెట్టాను. నా తలుపు కుడివైపుదో ఎడమవైపుదో తట్టలేదు. బెల్టు పట్టుకుని, చుట్టూ చూసి, తెలుసుకునేసరికి చక్రాలు నేలను తాకాయి. దేవుడి దయ, ఏమీ కాలేదు. కాగితం మీద ఆ రోజు మేం నలుగురం, నిబంధన ప్రకారమే. నా తలుపు దగ్గర మాత్రం ఎవరూ లేరు. ఇంటికెళ్లి చాలాసేపు ఏడ్చాను.

యూనిఫాం వేసుకోబోయే పిల్లలూ, ఒంట్లో శక్తి లేనప్పుడు "నేను ఎగరలేను" అని చెప్పండి. నేను ఆ రోజు చెప్పలేకపోయాను, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రోస్టర్లు వేయబోయే పిల్లలూ, ఏదో ఒక సాయంత్రం స్క్రీన్ మీద ఒక గడి ఖాళీగా ఉంటుంది, ఒక పేరు పెట్టమంటారు. పెట్టేముందు ఆ పేరుగల మనిషి నిన్న రాత్రి ఎన్నింటికి దిగిందో చూడండి. తెల్లవారుజామున మూడింటికైతే, ఇంకో పేరు వెతకండి.