ఆప్టిమైజేషన్ పెట్టగానే మోటారు ఆగలేదు!

ఈరోజు నా తప్పు ఒకటి చెప్తాను. మా మిద్దె మీద ట్యాంకు కోసం ఏటీమెగా328పీ చిప్‌తో టైమర్ చేశా. సెకనుకోసారి ఇంటరప్ట్ వచ్చి 'సెకన్లు' వేరియబుల్‌ని ఒకటి పెంచుతుంది. 500 అవగానే మోటారు ఆగాలి. మెయిన్‌లో ఒక వైల్ లూప్, అంతే.

ఆప్టిమైజేషన్ లేకుండా బాగానే ఆగింది. మైనస్ ఓఎస్ పెట్టి ఎక్కించా, ఆగనే లేదు! ట్యాంకు పొంగి మెట్ల మీద నీళ్లు. అమ్మ తిట్లు సరేసరి.

రిలే మార్చా, వైర్లు మార్చా... దండగ. చివరికి ఏవీఆర్-ఆబ్జ్‌డంప్‌తో అసెంబ్లీ తీశా. వేరియబుల్‌ని ఒక్కసారే చదివి, ఆ తర్వాత ఆర్‌జంప్, అదీ తన మీదికే! లూప్‌లో దాన్ని ఎవరూ మార్చట్లేదని కంపైలర్ అనుకుంది. ఇంటరప్ట్ సంగతి దానికి తెలీదు కదా. అందుకే 'వోలటైల్' రాయాలి. రాశా, ఆగింది.

కానీ ఒక్కోసారి నాలుగు నిమిషాలకే ఆగిపోయేది! ఇది ఇంకా తమాషా. చిప్ 8 బిట్‌ది, వేరియబుల్ 16 బిట్‌ది. రెండు ముక్కలుగా చదువుతుంది. 255 ఉన్నప్పుడు కింది బైట్ చదివింది, అంటే 255. సరిగ్గా అప్పుడే ఇంటరప్ట్ వచ్చి 256 చేసింది. ఇప్పుడు పై బైట్ 1. రెండూ కలిస్తే 511! 500 దాటేసింది, మోటారు బంద్. దీనికి వోలటైల్ చాలదు. చదివే ఆ రెండు ఇన్‌స్ట్రక్షన్ల సేపు ఇంటరప్ట్‌లు ఆపాలి. నేను అటామిక్ బ్లాక్‌లో పెట్టి, విలువని కాపీ చేసుకుని, బయటికొచ్చాక పోల్చా.

ఇదిగో, పాత అసెంబ్లీ, కొత్తది పక్కపక్కన పెడుతున్నా, చూడండి.