ఒకర్ని మగపిల్లాడిగా మార్చమన్నాను

(కథారచన శిబిరంలో ఒక బడిపంతులు మాట్లాడిన మాటలకు రాతరూపం)



కథ ఎట్లా రాయాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను బళ్లో తెలుగు చెప్పుకునేవాణ్ణి, కథకుణ్ణి కాను. కాకపోతే ఒక కథ నా చేతిలో ఆగిపోయింది. అది చెబుతాను.

కొన్నేళ్ల కింద ఇట్లాంటి శిబిరానికే ఒక పిల్ల కథ రాసుకొచ్చింది. మన గూడెం పిల్లే. కథలో ఇద్దరాడపిల్లలు నాట్లకు పోతుంటారు. ఇద్దరిదీ ఒకే ముఠా, ఒకే సద్దిగిన్నె. ఒకమ్మాయికి పెళ్లి కుదురుతుంది, రెండో అమ్మాయి అన్నం మానేస్తుంది. స్నేహం అనుకుంటా చదివాను. నాలుగో పేజీకొచ్చేసరికి అది స్నేహం కాదని అర్థమైంది. నాకు చెమటలు పట్టినయ్. "అమ్మా, ఇద్దర్లో ఒకర్ని మగపిల్లాడిగా మార్చు, పత్రికలో వేయిస్తా" అన్నాను. "మారిస్తే వాళ్ల కథ కాదుగద సార్" అంది. కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది. మళ్లీ ఏ మీటింగుకూ రాలేదు.

అప్పుడు నా మనసులో ఉన్నయ్ రెండే. కులం మన నెత్తిన కూర్చోనుంటే ఇప్పుడీ గొడవెందుకు? పెద్దకులాలోళ్లు ఇది చదివి మన ఆడపిల్లల్ని ఏమంటారు? మీలో కొందరికీ ఇదే అనిపిస్తుండొచ్చు. నాకు అనిపించిందిగనక తప్పుబట్టను.

ఈ రెండు మాటలూ అమెరికాలో నల్లవాళ్లు తమ రచయిత్రినే అన్నారు. ఆమె పేరు ఆలిస్ వాకర్. 1944లో జార్జియా రాష్ట్రంలో పుట్టింది. అమ్మానాయనలు పంటలో వాటా దొరకిచ్చి సేద్యం చేసేవాళ్లు. తల్లి ఇళ్లల్లో పనికి కూడా పోయేది. ఎనిమిదిమంది పిల్లల్లో ఈమె ఆఖరుది. 1982లో 'ద కలర్ పర్పుల్' నవల రాసింది. 1983లో దానికి పులిట్జర్ బహుమానం వచ్చింది. నవలకు ఆ బహుమానం అందుకున్న మొదటి నల్ల స్త్రీ ఈమే. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని కిందామీదా పడి చదివాను.

అందులో సీలీ అని ఒక పేద నల్లపిల్ల. తండ్రి అనుకున్నవాడే ఆమెను చెరిచాడు. కన్న బిడ్డల్ని దూరం చేసి, ఒక మొగుడికి కట్టబెట్టాడు. వాడు కొట్టేవాడు. చెప్పుకునే దిక్కులేక దేవుడికి ఉత్తరాలు రాస్తది, తను మాట్లాడే భాషలోనే. మన భాష రాస్తే ఎర్రసిరాతో దిద్దే అయ్యవార్లు గుర్తొచ్చారు నాకు (నేనూ దిద్దేవాణ్ణే). ఆ మొగుడు మనసుపడ్డ పాటగత్తె షుగ్ ఏవరీ జబ్బుతో ఆ ఇంటికే వస్తది. వస్తూనే సీలీని చూసి అనాకారివని నవ్వుతది. సీలీ ఆమెకు వొళ్లు కడుగుతది, తల దువ్వుతది, వండి పెడతది. కోలుకున్నాక షుగ్ నలుగురి ముందూ సీలీ పేరు మీద పాట కట్టి పాడుతది. పుట్టి బుద్ధెరిగాక తన పేరున ఒకటి పుట్టడం సీలీకి అదే మొదలు.

రాసేవాళ్లు ఇక్కడ ఆగి చూడండి. వాకర్ ఎక్కడా వీళ్లకు ఫలానా అని పేరు తగిలించలేదు. నీళ్లు, దువ్వెన, కంచం, పాట వీటితోనే ప్రేమను నడిపింది. వాళ్లను దేవతల్నీ చేయలేదు. షుగ్ ఒక కుర్రాడి వెంట పోతది, సీలీ ఏడుస్తది, తర్వాత తిరిగొస్తది. మన సినిమాల్లో అయితే ఇట్లాంటోళ్లను నవ్వించడానికన్నా వాడతారు, చివర్లో చంపనన్నా చంపుతారు. సీలీ చావదు. ప్యాంట్లు కుట్టి అమ్మి తన కాళ్ల మీద నిలబడతది.

జాతి సంగతి అందులో లేదా? సోఫియా అనే ఆమె మేయరు భార్య ఇంట్లో పనిమనిషిగా చేరనంటది. దానికి ఒళ్లు హూనం చేసి జైల్లో వేస్తారు. చివరికి ఏళ్ల తరబడి అదే ఇంట్లో చాకిరి చేయిస్తారు. ఒకటి ముందు, ఇంకోటి తర్వాత అని వాకర్ వాయిదా వేయలేదు. ఒకే ఊళ్లో, ఒకే కుటుంబంలో రెండూ జరుగుతయ్.

1985లో అది సినిమాగా వచ్చినప్పుడు నల్లవాళ్లలోనే కొందరు థియేటర్ల ముందు నిరసనలు చేశారు. మన మగాళ్లను తెల్లోళ్ల ముందు పశువుల్లా చూపించావన్నారు. సీలీ, షుగ్‌ల ప్రేమైతే సినిమాలో ఒక ముద్దు దగ్గరే ఆగిపోయింది. తీసినవాళ్లూ నాలాంటోళ్లే అనుకున్నాను.

"మాస్టారూ, అమెరికా సంగతి మనకెందుకు" అంటారేమో. బాబాసాహెబ్ సంగతి చెబుతా. ఆర్.డి. కర్వే అనే ఆయన మరాఠీలో 'సమాజ స్వాస్థ్య' పత్రిక నడిపేవాడు. పాఠకులు సిగ్గు విడిచి అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చేవాడు. ఆడవాళ్లతో ఆడవాళ్లు, మగవాళ్లతో మగవాళ్లు ఉండే సంగతి కూడా అందులో ఉంది. బూతు రాశాడని కేసు పెట్టారు. 1934లో బొంబాయి హైకోర్టులో ఆయన తరఫున నల్లకోటు వేసుకుని నిలబడింది అంబేడ్కరే. కేసు ఓడిపోయారు, కర్వేకు జరిమానా పడింది. అది పూనా ఒడంబడిక జరిగిన రెండేళ్లకు. బాబాసాహెబ్‌కు పనులు లేక కాదుగదా ఆ కేసు పట్టింది!

ఇప్పుడు కోర్టు భయం కూడా లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసుండే పెద్దవాళ్లు నేరస్తులు కారని చెప్పింది. ఇంక ఉన్నది ఊరి భయం. పత్రిక నడిపే మన భయం. గూడెంలో పిల్లకు పెళ్లి వద్దనే హక్కే లేనప్పుడు, ఎందుకొద్దో చెప్పే నోరు ఎక్కడిది? ఉరేసుకున్న పిల్లల గురించి "కడుపునొప్పి తట్టుకోలేక" అని రాయించిన ఊళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పోయిన నెలలో ఆ పిల్ల ఊరివాళ్లతో కబురంపాను. కథ ఉంటే ఒక్క అక్షరం మార్చకుండా పంపమన్నాను. సంపాదకుడితో కూడా మాట్లాడాను, రెండు పేజీలు ఆపి ఉంచుతానన్నాడు. ఇంతవరకూ జవాబు రాలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మీరు రాసుకొచ్చినవి చదువుదాం.