‘ఖాళీ’ అని రాయడానికి ఎవరి అనుమతి కావాలి?

(స్త్రీల పని, తీరిక అనే అంశంపై కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫుట్‌బాల్ రిఫరీల గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వుకున్నారు. ఇంటిచాకిరీ గురించీ, కూలిరేట్ల గురించీ మాట్లాడుకునే చోట ఈలలూ, బంతులూ ఏమిటని మీ అనుమానం. పరిశోధన కోసం ఇంగ్లండులో ఉన్న రోజుల్లో నేను నాలుగు సీజన్లు అక్కడి స్థానిక లీగుల్లో రిఫరీగా పనిచేశాను. మైదానంలో పరిగెత్తిన గంటన్నర కంటే, అక్కడికి చేరడానికి ముందు క్యాలెండరుతో పడిన పెనుగులాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ పెనుగులాట మనందరిదీ కాబట్టే ఇక్కడ చెప్తున్నాను.

ముందు అక్కడి పద్ధతి చెప్పాలి. శిక్షణ పొంది, ఏటా కౌంటీ ఫుట్‌బాల్ సంఘంలో పేరు నమోదు చేసుకోవాలి. సీజను వేసవి చివర మొదలై మే నెల దాకా సాగుతుంది. మనకు వీలుకాని తేదీల్ని ముందుగానే తెలియజేయాలి. వాటిని ‘మూసిన తేదీలు’ అంటారు. మూయని తేదీలన్నీ తెరిచి ఉన్నట్టే లెక్క. నియామకాలు చూసే అధికారి ఆ పట్టిక చూసి మ్యాచ్ కేటాయిస్తాడు. మనం ఒప్పుకున్నట్టు తెలపాలి. ఆ తర్వాత ఆతిథ్య జట్టు కార్యదర్శి మైదానం, వేళ, చొక్కాల రంగులు తెలియజేస్తాడు. ఈలోగా పెద్ద పోటీ నుంచి పిలుపొస్తే చిన్న మ్యాచ్ వదిలి దానికి వెళ్ళాలి. చలికాలం వానకి మైదానం చిత్తడైతే ఆ ఉదయమే మ్యాచ్ రద్దు. అలా వాయిదాపడ్డవాటిని వసంతంలో పొద్దు పొడుగయ్యాక పనిదినాల సాయంత్రాల్లో సర్దుతారు. ఆట 90 నిమిషాలే అయినా ప్రయాణం, ముందుగా వెళ్ళి మైదానం చూసుకోవడం, ఆట తర్వాత వివరాలు రాసి పంపడం కలిపితే సగం రోజు పోతుంది. చేతికొచ్చేది చిన్న రుసుము.

పద్ధతి చూస్తే అందరికీ ఒకటే. పట్టికలో ఆడా మగా తేడా లేదు. కానీ ఆ పట్టిక ఒక మనిషిని ఊహించుకుంటుంది. శనివారం, ఆదివారం తన చేతిలో ఉన్న మనిషిని. ఆఖరి నిమిషంలో మ్యాచ్ మారినా ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేని మనిషిని. నా తోటి మగ రిఫరీలు ఆగస్టులో కూర్చుని పది నిమిషాల్లో పట్టిక నింపేసేవారు. నేను ఒక్క ఆదివారం తెరవాలంటే పాప పరీక్షలు, మావారి ప్రయాణాలు, వచ్చే చుట్టాలు అన్నీ లెక్క చూసుకోవాలి. పాపని ఎవరి దగ్గర వదలాలో ముందే మాట్లాడుకోవాలి. “ఆదివారం కూడానా?” అన్న ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోవాలి. మా లీగులోనే ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఒకామె ఉండేది. ఆమె డ్యూటీల పట్టిక చేతికొచ్చేసరికి, లీగువాళ్ళు తేదీలు ఇమ్మన్న గడువు దాటిపోయేది. అందుకని ముందుజాగ్రత్తగా ఎక్కువ తేదీలు మూసేది. ఆపైన ఆమెకి మ్యాచ్‌లు ఇవ్వడమే తగ్గించారు. “ఆమె దొరకదు కదా” అన్నారు. రిఫరీ పై మెట్టు ఎక్కాలంటే తగినన్ని మ్యాచ్‌లు చేసి ఉండాలి, పరిశీలకుల మెప్పు పొందాలి. మ్యాచ్‌లే రానివాళ్ళు ఎక్కేదెలా? ఇంట్లో మొదలైన అసమానత అలా కాగితం మీద ‘శ్రద్ధ లేకపోవడం’గా మారిపోతుంది.

దీని వెనక చరిత్ర కూడా ఉంది. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో స్త్రీల మ్యాచ్ చూడటానికి 53 వేలమంది వచ్చారు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, ఈ ఆట స్త్రీలకి తగదంటూ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాలు వాళ్ళకి ఇవ్వకూడదని ఆంక్ష పెట్టింది. అది దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. 1992లో మొదలైన ప్రీమియర్ లీగులో ఒక స్త్రీ, రెబెకా వెల్చ్, ప్రధాన రిఫరీగా ఈల ఊదింది 2023 డిసెంబరు 23న. ఇప్పుడు కౌంటీ సంఘాలు స్త్రీలకి విడిగా శిక్షణ తరగతులు పెడుతున్నాయి. మంచిదే. కానీ ఈల ఊదడం నేర్పినంత మాత్రాన ఆదివారం చేతికి రాదు.

మన దేశం సంగతి చూడండి. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికే వెచ్చించారు. ఆ పని చేసే మగవాళ్ళు వెచ్చించింది 97 నిమిషాలు. తేడా 202 నిమిషాలు. ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ రెండుసార్లు ఆడించినా ఇంకా 22 నిమిషాలు మిగులుతాయి.

కాబట్టి ‘సమయాన్ని చక్కగా వాడుకోండి’ అని స్త్రీలకి బోధించడం మానాలి. మారాల్సింది పట్టిక. కారణం చెప్పకుండా తేదీ మూసుకునే హక్కు ఉండాలి. మూసిన తేదీల్ని అర్హత లెక్కలో కలపకూడదు. నియామకం తగినంత ముందుగా తెలియాలి. రద్దయినప్పుడు పిల్లల్ని చూసుకునే మనిషికి ఇచ్చిన డబ్బు ఎవరు భరిస్తారో తేల్చాలి. బట్టలు మార్చుకునే గదిలాగే ఇదీ కనీస సౌకర్యమే.

ఇంగ్లండువాళ్ళని విమర్శించి ఊరుకుంటే సరిపోదు. సాయంత్రం ఆరింటికి మీటింగు పెట్టి, “ఆమె రాదులే, ఆమెకి కుదరదు” అని మనం ఎంతమంది పేర్లు జాబితాలోంచి తీసేశాం? ఊళ్ళో శిక్షణకి నాలుగు రోజులు పంపమని అడిగేటప్పుడు, ఆ నాలుగు రోజులూ ఆమె ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారని ఎన్నిసార్లు అడిగాం? రాలేదని రాసుకునే ముందు, రావడానికి ఆమె ఎవరెవర్ని ఒప్పించాలో కనుక్కుందాం. వచ్చే మూడు నెలల కార్యక్రమాల పట్టిక ఇవాళ మధ్యాహ్నమే వేయబోతున్నాం. అక్కడి నుంచే మొదలుపెడదాం.