వ్యాపారం లోపలికి రెండు నెలలు

(బి.కాం., బి.బి.ఎ., ఎం.బి.ఎ. విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక అప్రియమైన విషయంతో ప్రారంభించక తప్పడం లేదు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు నేడు డబ్బుకు దొరుకుతున్నాయి. కంపెనీ గడప తొక్కకుండానే పేరు, తేదీలు, ముద్ర, సంతకం ఉన్న కాగితం చేతికి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం తర్వాత రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరం తర్వాత రెండు నెలలు, ఆపైన ఒక పూర్తి సెమిస్టరు. ఉద్దేశం మంచిదే. కాని తప్పనిసరి అన్నచోట దొంగదారి కూడా పుడుతుంది.

ఆ కాగితం కొన్నవారందరూ ఒకే విధంగా నష్టపోరు. మేనమామకు పరిశ్రమ ఉన్న కుర్రవాడు కాగితం కొన్నా, రేపు ఆ పరిశ్రమలోనే కూర్చుని పని నేర్చుకుంటాడు. పండ్ల బండి నడిపేవారి అబ్బాయికి, దర్జీ కూతురికి ఆఫీసు లోపలి భాగాన్ని చూసే అవకాశం బహుశా ఈ రెండు నెలలే. దానిని అమ్ముకుంటే మళ్లీ కొనలేరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన బి.సి.-ఇ 4 శాతం రిజర్వేషన్ మన పిల్లలలో ఎందరినో కళాశాల దాకా తీసుకువచ్చింది. ప్రైవేటు కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కు ఆ రిజర్వేషన్ వర్తించదు. అక్కడ పనిచేసేది పరిచయం. మనకు పరిచయాలు తక్కువ. అందుచేత దొరికిన చోటును పూర్తిగా వాడుకోవడం మనకు ఇతరులకంటే ఎక్కువ అవసరం.

అయితే మన పిల్లలు వట్టి చేతులతో వెళ్తున్నారని నేను ఒప్పుకోను. ఇతర వర్గాలతో పోలిస్తే ముస్లింలు స్వయం ఉపాధిపైనే ఎక్కువగా ఆధారపడుతున్నారని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలిపింది. ఆ వాక్యాన్ని మనం ఎప్పుడూ వెనుకబాటుకు రుజువుగానే చదివాము. దానికి మరో అర్థం కూడా ఉంది. మీ ఇంటి అరువు పుస్తకాన్ని ఒకసారి తీసి చూడండి. ఎవరు ఎంత బాకీ, ఎన్నాళ్ల నుంచి బాకీ, ఎవరికి మళ్లీ అరువు ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వరాదు అన్నది నాన్నగారికి కంఠస్థం. కంపెనీ అకౌంట్స్ విభాగంలో దీనినే రిసీవబుల్స్ ఏజింగ్ అంటారు. ముప్పయి రోజులు, అరవై రోజులు, తొంభై రోజులు అని గడులు గీసి అదే బాకీని రాస్తారు. సాయంత్రానికి మిగిలిన మామిడిపండ్లను ఏ ధరకు వదిలించుకోవాలో మీ అమ్మగారికి తెలుసు. అక్కడ దానిని ఇన్వెంటరీ అంటారు. పేర్లకు బెదిరిపోకండి. ఇంట్లో చూసిన లెక్కకు అక్కడ పేరేమిటో అడిగి రాసుకోండి.

ఇక చేయవలసిన పని. మొదటి వారంలోనే, తనను పర్యవేక్షించే అధికారిని విద్యార్థి ఒక ప్రశ్న అడగాలి: "సార్, ఈ రెండు నెలలలో నేను ఏ పనిని మొదటి నుంచి చివరి దాకా చూడగలను?" జిరాక్సులు తీయమంటారు, టీ తెప్పించమంటారు. కొంతవరకు చేయండి, అందులో చిన్నతనం లేదు. కాని జిరాక్సు తీస్తున్న ఇన్‌వాయిసును చదవండి. సరుకు ఆర్డరు దగ్గర నుంచి బిల్లు, 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు, మరుసటి నెల 11వ తేదీలోగా జి.ఎస్.టి.ఆర్.-1, 20వ తేదీలోగా 3బి, చివరకు బ్యాంకులో డబ్బు జమ కావడం వరకు ఒక్క లావాదేవీని వెంబడించిన విద్యార్థికి రేపు ఇంటర్వ్యూలో మాట తడబడదు. ప్రతి సాయంత్రం పావుగంట డైరీ రాయండి. కంపెనీ అంకెలను, ఖాతాదారుల పేర్లను మాత్రం బయటకు తేకండి.

నేర్చినది ఇంటికి కూడా రావాలి. నాన్నగారు బట్టలు కుట్టించి, ఫర్నీచర్ చేయించి పెద్ద దుకాణాలకు సరఫరా చేస్తున్నారనుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం రుసుము తీసుకోదు. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం ప్రకారం అటువంటి సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులకు మించి డబ్బు ఆపరాదు. ఆపితే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదన్నది కూడా తెలుసుకోవాలి. ఈ సంగతి తెలియక బాకీల కోసం తిరిగి తిరిగి అలసిన కుటుంబాలు మన వీధులలో ఎన్ని లేవు!

తల్లిదండ్రులతో ఒక మాట. అమ్మాయిని పంపడానికి జంకుతున్నారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే పని ప్రదేశంలో లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ట్రైనీలకు, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి, చిన్న సంస్థల విషయంలో జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కమిటీలో ఎవరున్నారని చేరే ముందే అడగండి. అడగడం అమర్యాద కాదు. అమ్మాయిని ఇంట్లో ఆపి కాగితం కొనిపెట్టేకంటే, ఆమెతోపాటు ఒకసారి వెళ్లి ఆఫీసు చూసి రావడం మేలు.

జుమా నమాజు సంగతి మొదటిరోజే చెప్పండి, ఆ సమయాన్ని సాయంత్రం పూడ్చుతామని కూడా చెప్పండి. చివరి నిమిషంలో మాయమైతేనే చిక్కు. స్టైపెండ్ మాట కూడా ముందే తేల్చుకోవాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరినవారికి అది హక్కు. మామూలు ఇంటర్న్‌షిప్‌కు ఆ హామీ లేదు. బస్సు చార్జీలైనా ఇస్తారా అని అడగండి. ఎదురు డబ్బు కట్టమంటే మాత్రం లేచి రండి.

ముగిసే వారంలో సర్టిఫికెట్‌తోపాటు, చేసిన పనిని నాలుగు వాక్యాలలో వివరించే లేఖను అడిగి తీసుకోండి. "బాగా పనిచేశాడు" అన్నది ఎవరికీ ఉపయోగపడదు. "మూడు వందల పాత బిల్లులను బ్యాంకు ఖాతాతో సరిపోల్చాడు" అన్నది ఉపయోగపడుతుంది.

ఈ సభలో వ్యాపారులు కూడా ఉన్నారు. చర్మాల వ్యాపారులు, హోటల్ యజమానులు, ఆడిటర్లు కనిపిస్తున్నారు. చందా అడగడానికి రాలేదు, కంగారు పడకండి. ఈ వేసవిలో ఒక్కొక్కరు ఒక విద్యార్థికి మీ ఆఫీసులో ఒక కుర్చీ వేయండి, మీ లెక్కల పుస్తకాన్ని ఆ బిడ్డ ముందు తెరవండి. పేర్లు రాసుకోవడానికి నేను వేదిక కిందకు వస్తున్నాను.