దిగుడు దారిలో ఇంజనే మొదటి బ్రేకు



పంట చేతికి వచ్చింది, బండికెత్తాము, ఇక సంతకు చేర్చడమే మిగిలింది. దారిలో ఘాటు ఉంటే మాత్రం కాస్త వినండి. అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు దిగే రోడ్డువంటి చోట్ల, "దిగుడే కదా, న్యూట్రల్లో వదిలేస్తే డీజిలు మిగులుతుంది" అనేవారున్నారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొదుపు.

ఎద్దుబండి దిగుడులో పోయేటప్పుడు ఎద్దులు కాళ్లు తన్నిపట్టి బరువును నిలవరిస్తాయి గదా. ఇంజను కూడా అంతే. గేరులో ఉంచి ఆక్సిలరేటరు మీది కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది. ఆ శ్రమలో బండి జోరు తగ్గుతుంది. న్యూట్రల్ చేయడమంటే దిగుడులో కాడి విప్పడమే.

అప్పుడు భారమంతా బ్రేకుల మీద పడుతుంది. 10 టన్నుల లారీ 500 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడితో 150 లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. అంత వేడీ బ్రేకు డ్రమ్ములలోనే పుడితే, పెడలు ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. డీజిలు ఇంజన్లు తయారుచేసిన క్లెస్సీ కమ్మిన్స్ అంతటివాడికే 1931లో అమెరికాలోని కాజోన్ కనుమ దిగుతూ ఇలాగే చావు తప్పింది.

డీజిలు మిగలడమూ భ్రమే. గేరులో ఉండగా కాలు తీస్తే ఇంజనుకు డీజిలు దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్లో ఇంజను ఆరకుండా తాగుతూనే ఉంటుంది. ఇంజను ఆపేస్తే మరీ ప్రమాదం: పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది, గాలి బ్రేకులకు గాలి నింపే పంపు ఆగుతుంది.

చాలా లారీలకు ఎగ్జాస్టు బ్రేకు ఉంటుంది. పొగగొట్టానికి లోపల ఒక మూత అడ్డం పడుతుంది. గాలి బయటికి పోలేక పిస్టన్లకు ఎదురు తిరుగుతుంది. బండి గేరులో ఉండి, క్లచ్ మీద కాలు లేనప్పుడే ఇది పనిచేస్తుంది. తడి రోడ్డు మీద ఖాళీ లారీ అయితే వెనక చక్రాలు జారవచ్చు, జాగ్రత్త.

ఇక ట్రాక్టరు సంగతి. దిగుడు మొదలు కాకముందే చిన్న గేరు వేయండి. ఆ బరువుతో ఎక్కడానికి కావలసిన గేరుకన్నా పెద్దది వద్దు. మధ్యలో క్లచ్ తొక్కవద్దు, గేరు మార్చవద్దు. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి బిగించండి. బ్రేకును అదేపనిగా తొక్కి ఉంచక, ఇంజను అరుపు పెరిగినప్పుడు గట్టిగా తొక్కి, జోరు తగ్గగానే వదలండి. ట్రక్కులో బరువు మించితే అది ట్రాక్టరును ముందుకు తోసి, మలుపులో అడ్డం తిప్పుతుంది. బస్తాల మీద మనుషులను ఎక్కించనే వద్దు.

సంతకు ఒక గడియ ఆలస్యమైనా ఫరవాలేదు. పంటా మనిషీ క్షేమంగా చేరాలి.