వెలిగే కిటికీల వరస



రాత్రిపూట కొవ్వూరు గట్టున నిలబడి, గోదావరి వంతెన దాటే రైలును చూసినవారు మీలో చాలామందే ఉంటారు. పెట్టె రంగు తెలియదు, ఇంజన్ నంబరు తెలియదు. నీళ్ల మీదుగా సాగిపోయే కిటికీల వెలుగు వరస ఒక్కటే కనబడుతుంది. ఇంట్లో బల్ల మీద నడిపే చిన్న రైలులో నాకు కావలసింది ఆ వరసే.

మొదట చేసిన స్లీపర్ పెట్టెలో తెల్లటి ఎల్‌ఈడీ పట్టీ అతికించి, నిండుగా కరెంటిచ్చాను. వెలుతురు కిటికీల్లోంచే కాక పైకప్పులోంచీ, గోడల్లోంచీ కారింది. పల్చటి ప్లాస్టిక్ మరి! అప్పటినుంచి పైకప్పు లోపలివైపు ముందు నల్లరంగు పూసి, అది ఆరాక తెల్లరంగు పూస్తున్నాను. నలుపు వెలుగును బయటికి పోనివ్వదు, తెలుపు కిందికి పరుస్తుంది.

దీపం అమర్చడం తేలిక. దానికి కరెంటు తెగకుండా అందించడంలోనే పనితనమంతా ఉంది. మనం మాటల్లో పెట్టెనే బోగీ అంటాం గానీ, ఇక్కడ బోగీ అంటే పెట్టె కింద తిరిగే చక్రాల చట్రం. హెచ్‌ఓ సైజు నమూనా రైళ్ల లోహపు చక్రాల్లో సాధారణంగా ఒక్కో ఇరుసుకు ఒకవైపు చక్రమే ఇరుసుతో కలిసి ఉంటుంది, రెండోదాని మధ్య ప్లాస్టిక్ అడ్డు. అందుకని ముందు బోగీ ఎడమ పట్టా నుంచి, వెనక బోగీ కుడి పట్టా నుంచి కరెంటు తీసుకునేలా ఇరుసుల్ని తిప్పి పెట్టాలి. ఒకే బోగీలో ఒక ఇరుసు అటూ ఒకటి ఇటూ పెట్టారంటే షార్టే. ఇరుసు మీద వెంట్రుకంత ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ ఆనాలి. ఆనడమంటే తాకీ తాకనట్టు. గట్టిగా నొక్కితే పది పెట్టెలకు ఇంజన్ ఈడ్వలేక ఆగిపోతుంది.

ఎంత జాగ్రత్తపడ్డా పట్టాల మీద దుమ్ము ఉంటుంది, దీపం రెపరెపలాడుతుంది. అసలు రైలుకూ ఇలాంటి చిక్కే ఉంది చూడండి. మన రైల్వేల ఐసీఎఫ్ రకం పెట్టెల్లో ఇరుసు నుంచి బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ 110 వోల్టుల దీపాలకు కరెంటిస్తుంది. బండి ఆగితే అదీ ఆగుతుంది, అప్పుడు పెట్టె కిందున్న బ్యాటరీలు అందుకుంటాయి. మన పెట్టెలో ఆ బ్యాటరీల పని కెపాసిటర్ చేస్తుంది. పట్టాల నుంచి వచ్చే కరెంటును ముందు బ్రిడ్జ్ రెక్టిఫయర్‌లోంచి పంపి, తర్వాత 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. ప్లస్, మైనస్ తారుమారైతే అది పేలుతుంది, రెండుసార్లు చూసుకోండి. డిజిటల్‌గా బండి నడిపే డీసీసీ పద్ధతిలో పట్టాల మీద 15 వోల్టులుంటే, మూడేసి ఎల్‌ఈడీల వరసకు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చాలు. వరసకు ఒక మిల్లీ ఆంపు పారుతుంది. మూడు వరసలున్న పెట్టె పట్టా వదిలినా అర సెకను వెలుగుతుంది. ఆలోగా చక్రం దుమ్ము దాటేస్తుంది.

ఒక్క మిల్లీ ఆంపు మరీ తక్కువేమో అనుకోవద్దు, గది చీకటి చేసి చూడండి. పాత బల్బుల కాలపు పెట్టెకైతే 2700 కెల్విన్ పసుపు తీసుకోండి, ట్యూబ్‌లైట్లు వచ్చిన తర్వాతి పెట్టెకు తెలుపు.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి. ఐసీఎఫ్ స్లీపర్‌లో బెర్తులు 72, ఎనిమిదేసి చొప్పున తొమ్మిది అరలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అర్ధరాత్రి నడవలోంచి వెళ్తే ఏం కనిపిస్తుంది? చాలా అరల్లో పెద్ద లైటు ఆర్పేసి ఉంటుంది, చిన్న నీలం దీపం ఒక్కటే వెలుగుతుంటుంది. ఏదో ఒక అరలో మాత్రం ఎవరో ఇంకా మేలుకుని ఉంటారు. అందుకే నా పెట్టెలో ఆరు అరలకు నీలం, రెండింటికి చీకటి, ఒక్కదానికే పెద్ద లైటు. నీలం ఎల్‌ఈడీ కాస్త కరెంటుకే భగ్గుమంటుంది, దానికి పెద్ద రెసిస్టర్ వేయండి.

పైకప్పు తీసిన పెట్టె ఒకటి తెచ్చాను, చేతులు మార్చుకుంటూ చూడండి. పక్కగోడలు పట్టుకోకండి, అడుగున చెయ్యి పెట్టి ఎత్తండి.